మరియదాసు మావయ్య గీసిన మబ్బులు

గుణదలలో ఎవరింట్లోనైనా నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే, మరియదాసు మావయ్య ఆ వీధిలోకి రావడం వాళ్ళకి ఇష్టం ఉండేది కాదు. ఆయన చెడ్డవాడు కాదు. చీమకి కూడా దారిచ్చి నడిచే మనిషి. చేసే పనే అలాంటిది. పోయినవాళ్ళ ఫొటో చూసి పెద్ద రంగుల బొమ్మ గీసిచ్చేవాడు. ఒకసారి కామెర్లతో పడుకున్న స్నేహితుడు పుల్లయ్యని చూద్దామని అర డజను అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళాడు. పుల్లయ్య భార్య గేటు దగ్గరే ఆపి, పళ్ళు అందుకుని, ఆయన నిద్రపోతున్నాడన్నయ్యా అని పంపేసింది. లోపల పుల్లయ్య రేడియో వింటూ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు. మావయ్య ఏమీ అనుకోలేదు. పళ్ళు తీసుకుందిగా, అదే పదివేలు అని మా ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నేనైతే ఆ పళ్ళు వెనక్కి లాక్కుని వచ్చేదాన్ని.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా అమ్మ శౌరమ్మది, ఆయనది మైలవరం పక్కన ఒకే పల్లె. అమ్మని అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకూ మా తమ్ముడు అంతోనికీ మావయ్య అయ్యాడు. ఏలూరు కాలవ గట్టున ఆయనకి రేకుల కొట్టు ఉండేది. కొట్టు ముందు సగంలో లారీల వెనక పువ్వులూ చిలకలూ వేయడం, షాపుల బోర్డులు రాయడం. వెనక సగంలో బొమ్మలు. ముందున్నంతసేపూ లుంగీ ఎగ్గట్టి, బీడీ కాలుస్తూ, దారినపోయే ప్రతివాణ్ణీ పలకరించేవాడు. వెనక్కి వెళ్ళాల్సి వస్తే బీడీ పారేసి, చేతులు కడుక్కుని, లుంగీ దించి వెళ్ళేవాడు. అక్కడ పెద్దమనుషులు ఉన్నారు అనేవాడు.

బొమ్మల పనిలో గురువు దగ్గర నేర్చుకున్న కట్టుబాటు ఒకటి ఆయనకి ఉండేది. మనిషి బతికుంటే బొమ్మలో వెనకాల ఎర్ర తెర, పక్కన పూలకుండీ. పోయి ఉంటే నీలాకాశం, తెల్లటి మబ్బులు. ఈ సంగతి మా పేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసిన మా నాన్న ఇన్నయ్య గారు అరవై ఆరులో గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచీ మా ముందుగదిలో ఆయన మబ్బుల్లోనే ఉన్నారు. తెర గీసే అవకాశం మాత్రం మావయ్యకి ఒక్కసారీ రాలేదు. బతికున్నవాళ్ళకి రంగుల బొమ్మ గీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని జనం భయం.

పోయినవాళ్ళకి ఆయన చాలా మర్యాదలు చేసేవాడు. జీవితంలో బనీను తప్ప తొడగని ముసలాయనకి కోటు వేసేవాడు. పుస్తెలతాడు తాకట్టు పెట్టుకుని పోయిన మనిషికి మెడలో రెండు పేటల గొలుసు పెట్టేవాడు. బట్టతలలన్నీ ఆయన చేతిలో నల్లగా చిగురించేవి. బొమ్మ పూర్తయ్యాక తెల్ల చొక్కా వేసుకుని, దాని మీద తెల్ల గుడ్డ కప్పి, తనే మోసుకుంటూ వాళ్ళింటికి నడిచి వెళ్ళేవాడు. ఇంకో మర్యాద కూడా ఉంది, మా కొంప ముంచింది అదే. ఫొటో తెచ్చినవాళ్ళని ఆయన ఎప్పుడూ ఏమీ అడిగేవాడు కాదు. ఎలా పోయారు, ఎప్పుడు పోయారు అనే మాట ఆయన నోటి వెంట వచ్చేది కాదు. ఏడుస్తున్న మనిషి చేత ఆ మాట చెప్పించడం పాపం అనేవాడు. ఫొటో తీసుకుని, సిలువ గుర్తు వేసుకుని, లోపలికి వెళ్ళి, ఫొటోని పెద్దది చేసేందుకు కొలతగా గళ్ళు కొట్టుకునేవాడు.

ఇక మా అంతోని సంగతి. వాడు అరవై ఎనిమిదిలో మిలటరీలో చేరాడు, సిగ్నల్స్ విభాగంలో. చేరింది దేశం కోసమో, నెల జీతం కోసమో వాడికీ సరిగ్గా తెలియదు. కథలు రాయడం మాత్రం స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఉంది. బ్యారక్సులో ట్రంకుపెట్టె మీద కాగితాలు పెట్టుకుని రాసి వారపత్రికలకి పంపేవాడు. పది పంపితే తొమ్మిది తిరిగొచ్చేవి. డెబ్భై ఒకటి వేసవిలో ఒకటి అచ్చయింది. మరియదాసు మావయ్య స్టేషన్ దగ్గరికి వెళ్ళి ఆ పత్రిక ఎనిమిది కాపీలు కొనుక్కొచ్చాడు. కూడబలుక్కుని చదివే మనిషి, ఆ కథ చదవడానికి మూడు రోజులు పట్టింది. చదివాక మా ఇంటికొచ్చి, వాడు అబద్ధాలు ఎంత నిజంగా చెబుతాడక్కా అన్నాడు. నేను చూసినంతలో వాడి కథకి అంతకన్నా మంచి మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

నవంబరులో వాడు ఫొటో పంపాడు. యూనిఫారం, జేబుకి పెన్ను, మొహాన తెచ్చిపెట్టుకున్న గాంభీర్యం. సంపాదకుడు ఒక కాపీ అడిగాడట, ఇంకోటి మాకు. అమ్మ ఆ ఫొటోని రోజుకి నాలుగుసార్లు పెట్టెలోంచి తీసి చూసుకునేది. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. ఫిబ్రవరిలో మేరీమాత పండగకి చుట్టాలందరూ దిగుతారు, ఉయ్యూరు నుంచి పిల్లని ఇస్తామన్నవాళ్ళు కూడా వస్తారు. అప్పటికి అబ్బాయి పెద్ద బొమ్మ ముందుగదిలో ఉంటే బాగుంటుంది కదా అని. ఆయుష్షు భయం లేదా అంటే, అవన్నీ పిచ్చి నమ్మకాలు అంది. కొడుక్కి పెళ్ళి చేయాలనుకున్న తల్లికి పిచ్చి నమ్మకాలేవో ఇట్టే తెలిసిపోతాయి.

ఇంతలో డిసెంబరు మూడున యుద్ధం మొదలైంది. వాడు తూర్పు సరిహద్దులో ఎక్కడో ఉన్నాడని తెలుసు, ఎక్కడో తెలియదు. ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ రేడియో ముందు కూర్చుంటే లేచేది కాదు. పన్నెండో తారీఖున నన్ను పిలిచి, ఆ ఫొటో తీసుకెళ్ళి మరియదాసుకి ఇవ్వమంది. వాణ్ణి పెద్దగా చూసుకోవాలని ఉంది అంది. పండగ మాట ఎత్తలేదు.

నాకప్పుడు కళ్ళకలక. బళ్ళో పాఠం చెబుతూ పిల్లల దగ్గర అంటించుకున్నాను. రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి, ఆగకుండా నీళ్ళు. గుడ్డతో తుడుచుకుంటూ కొట్టుకి వెళ్ళి, ఫొటో మావయ్య చేతిలో పెట్టి, అమ్మ ఇమ్మంది, పెద్దది కావాలంది అన్నాను. ఆయన ఫొటో చూశాడు. నా మొహం చూశాడు. నోట్లో బీడీ తీసి పారేశాడు. ఒకడుగు వెనక్కి వేసి, నువ్వెళ్ళమ్మా, నేను చూసుకుంటాను అన్నాడు. కూర్చోమనలేదు, టీ తెప్పించలేదు. కలక అంటుకుంటుందని దూరం జరిగాడనుకుని నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి అమ్మతో, నీ తమ్ముడికి ప్రాణమంటే ఎంత తీపో అని దెప్పాను కూడా. బీడీ ఎందుకు పారేశాడా అని ఆలోచించే బుద్ధి నాకు లేకపోయింది.

పదహారున యుద్ధం ఆగింది. ఊరంతా టపాకాయలు కాల్చారు. మేమూ సంతోషించాం, కానీ ఉత్తరం రాలేదు. వస్తుందిలే, అంత దూరం నుంచి రావద్దూ అని ఒకరికొకరం చెప్పుకున్నాం. క్రిస్మసుకి మూడు రోజుల ముందు నేను గుమ్మం మీద కాగితపు నక్షత్రం కడుతున్నాను. అమ్మ అరిసెల పాకం చూస్తోంది. తల తిప్పి చూస్తే మరియదాసు మావయ్య వస్తున్నాడు. తెల్ల చొక్కా. చేతుల్లో తెల్ల గుడ్డ కప్పిన పటం. వీధిలోవాళ్ళు పక్కకి తప్పుకుని నిలబడుతున్నారు.

ఆయన లోపలికొచ్చి, నాన్న బొమ్మ పక్కన పటం ఆనించి, గుడ్డ తీశాడు. అంతోని. పెన్ను ఉంది, చేతిలో పుస్తకం కూడా పెట్టాడు. భుజానికి వాడికి లేని మూడు చారలు వేశాడు. వెనకాల నీలాకాశం, తెల్లటి మబ్బులు. పక్కనే నాన్న వెనక కూడా అవే మబ్బులు. రెండు పటాలూ కలిపి చూస్తే తండ్రీకొడుకులు ఒకే చోట నిలబడి ఉన్నట్టుంది. అంత శ్రద్ధగా ఆయన ఏ బొమ్మా గీయలేదు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది.

"నీకెవరు చెప్పారు?" అంది.

మావయ్యకి అర్థం కాలేదు. ఎవరూ చెప్పలేదక్కా, అమ్మాయి ఫొటో తెచ్చిందిగా అన్నాడు. అప్పుడు నా కళ్ళు చూశాడు, కలక తగ్గి మామూలుగా ఉన్నాయి. గుమ్మం మీద నక్షత్రం చూశాడు. వంటింట్లోంచి వస్తున్న పాకం వాసన అప్పుడు తగిలినట్టుంది. వారం రోజులుగా కొట్టు తలుపులు మూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, తిండి కూడా సరిగ్గా తినకుండా ఆ బొమ్మే గీశాడట. బొమ్మ లేకుండా ఏ మొహం పెట్టుకుని రాను అనుకున్నాడట.

నేను ఊరుకోలేదు. నాకు కోపం వస్తే నోరు ఆగదు. నీ కంటికి బతికున్నవాళ్ళు ఆనరా మావయ్యా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను, నాకే సిగ్గు. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. ఇప్పుడే తీసుకెళ్ళి తెర వేసి తెస్తానని పటం మీద చెయ్యి వేశాడు. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని తీసేసింది. చెరిపితే ఏమవుతుందో, ఉంచితే ఏమవుతుందో ఆవిడకి తెలియలేదు. పిచ్చి నమ్మకాలన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. చివరికి పటాన్ని గోడవైపు తిప్పి, బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది.

కానీ వీధి చూసేసింది. సాయంత్రానికి ముగ్గురు పలకరించడానికి వచ్చారు. వాళ్ళకి సంగతి చెప్పి పంపేసరికి ఇంకో నలుగురు. గోరుచుట్టు మీద రోకటిపోటులా మర్నాడు మైలవరం నుంచి సంపూర్ణమ్మ పెద్దమ్మ సందు మొదట్లోనే శోకం అందుకుని వచ్చింది. నోరు మూయించడానికి నాకు అరగంట పట్టింది. మూసుకున్నాక, ఏమో తల్లీ, మీ దగ్గర దాస్తున్నారేమో అంది. అమ్మకి కావలసింది ఆ ఒక్క మాటే. ఆవిడ ఇక మరియదాసుకి ఏదో కబురు తెలుసుననే నమ్మింది. క్రిస్మసుకి మా ఇంట్లో నక్షత్రం వెలగలేదు.

మావయ్య పని మానేశాడు. బోర్డులు కూడా రాయలేదు. తెల్లవారగానే గుణదల కొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కి మేరీమాత దగ్గర కూర్చునేవాడు. బస్సెక్కి బందరు వెళ్ళి, సైనికుల సంక్షేమం చూసే ఆఫీసులో నిలబడి, అంతోని నంబరు చెప్పి, పోయినవాళ్ళ జాబితాలో ఉందా అని అడిగి వచ్చాడు. లేదన్నారట. లేదంటే బతికున్నట్టా, ఇంకా కబురు రానట్టా అని అడిగితే, వాళ్ళు ఆయన్ని జాలిగా చూశారట. పదకొండు గంటలయ్యేసరికి మా గుమ్మానికి ఎదురుగా సైకిలు ఆనించుకుని పోస్ట్‌మాన్ కాశీరావు కోసం నిలబడేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు, మేమూ పిలిచేవాళ్ళం కాదు. కాశీరావు దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. అప్పుడు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయేవాడు.

పదిహేను రోజులు అలా గడిచాయి. ఒకరోజు అమ్మ గ్లాసుతో కాఫీ పట్టుకుని తనే బయటికి వెళ్ళింది. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"మరియదాసూ, నీ మీద నాకేం కోపం లేదయ్యా. ఇట్టా రోజూ వచ్చి నించోమాక. నిన్ను చూస్తే భయమేస్తా ఉంది" అంది.

ఆయన కాఫీ తీసుకున్నాడు గానీ తాగలేదు.

"నాకూ భయమే అక్కా. ఇరవై రెండేళ్ళ నుంచీ గీస్తున్నా. నా చేత్తో గీసినోళ్ళల్లో ఒక్కళ్ళూ తిరిగిరాలా. ఈడొక్కడు రావాల."

అమ్మ ఆయన్ని లోపలికి తీసుకొచ్చి అన్నం పెట్టింది. వడ్డించిన నాకు ఏడుపొచ్చింది, అప్పుడన్న మాటలన్నీ గుర్తొచ్చి. మావయ్యా, నన్ను క్షమించు అన్నాను. దేనికమ్మా అని నిజంగా ఆశ్చర్యపోయాడు. ఆయనకి కోపం నిలవదు, మాట గుర్తుండదు. ఇలాంటి మనుషులతో పోట్లాడటం శుద్ధ దండగ.

జనవరి పదకొండున కాశీరావు తల అడ్డంగా ఊపలేదు. సైకిలు తొక్కుతూనే చెయ్యెత్తి కవరు చూపించాడు. మావయ్య ముందుగా అందుకుని, చూసి, బిగుసుకుపోయాడు. అంతోని దస్తూరీ కాదు. ఎవరిదో ఇంగ్లీషు రాత. మిలటరీ వాళ్ళ ముద్ర. అమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. నేను కవరు చించేటప్పుడు మావయ్య కళ్ళు మూసుకుని జపమాల పట్టుకున్నాడు. మొదటి వాక్యం చదివాను, అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. అంతోని చెబుతుంటే పక్క మంచం మీదున్న మలయాళీ సిపాయి రాసిన ఉత్తరం అది. లారీ బోల్తాపడి కుడిచెయ్యి విరిగింది, తర్వాత మలేరియా పట్టుకుంది. వాడు మిలటరీ ఆసుపత్రిలో ఉన్నాడు, నెలాఖరుకి సెలవు మీద వస్తాడు. చివర్లో ఎడంచేత్తో వంకరగా తెలుగులో 'అమ్మా' అని ఒక్క మాట వాడే రాశాడు. నేను గట్టిగా చదువుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. అమ్మ ఆ ఒక్క మాటనీ వేలితో తడుముతూ కూర్చుంది. తలెత్తి చూస్తే మావయ్య లేడు. సైకిలు అక్కడే వదిలేసి, కొండవైపు పరిగెత్తి వెళ్ళాడని కాశీరావు చెప్పాడు.

అంతోని వచ్చాడు. ఎముకల గూడు, చేతికి సిమెంటు కట్టు. పేటంతా చూడటానికి వచ్చింది, ఒక్క మరియదాసు మావయ్య తప్ప. రెండు రోజులు చూశాం. కొట్టులో ఉన్నాడని తెలుసు, కబురు పంపితే రాడు. అమ్మ జరిగినదంతా వాడికి చెప్పి, డ్రమ్ము వెనక నుంచి పటం తీసి చూపించింది. వాడు ఆ మబ్బుల్ని చాలాసేపు చూశాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. మనకోసం ఇంత బాధపడ్డాడా అన్నాడు. తర్వాత లేచి, పటాన్ని ఎడమ చంకలో ఇరికించుకుని బయల్దేరాడు. గుడ్డ కప్పుకోమని అమ్మ ఎంత చెప్పినా వినలేదు.

అలా మా తమ్ముడు తన పటాన్ని తనే మోసుకుంటూ పట్టపగలు కాలవ గట్టు వెంట నడిచాడు. వెనక అమ్మా నేనూ. ఒక ముసలమ్మ పటం వైపొకసారి, వాడి వైపొకసారి చూసి సిలువ గుర్తు వేసుకుంది. పుల్లయ్య భార్య గేటు మూయబోయి, అంతోని నవ్వితే మళ్ళీ తెరిచింది.

మావయ్య వెనక గదిలో గోడకానుకుని కూర్చున్నాడు. వాణ్ణి చూసి లేవలేదు. దగ్గరికి వచ్చినా తాకలేదు. అంతోని పటాన్ని స్టాండు మీద పెట్టి, రంగు డబ్బాల స్టూలు లాక్కుని వెలుతురు పడే చోట కూర్చున్నాడు. తెర వెయ్యి మావయ్యా, అన్నాడు. ఫొటో చూసి వద్దు, నన్ను చూసి వెయ్యి.

మావయ్య లేచి, చేతులు కడుక్కుని, ఎరుపు కలిపాడు. మొదటి మబ్బు మీద కుంచె పెట్టేముందు ఒకసారి వాడి వైపు చూశాడు. తర్వాత ఆగకుండా వేశాడు. ఒక్కొక్క మబ్బూ తెర కిందకి వెళ్ళిపోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. మధ్యాహ్నం దాటింది. చివరి మూల కూడా ఎర్రగా అయ్యాక అంతోని స్టూలు మీంచి లేచి, స్టాండు ముందుకొచ్చి, బొమ్మని తేరిపార చూశాడు.

"ముక్కు లావైంది మావయ్యా" అన్నాడు.

ఇంత జరిగాక ఆ మాట అనాలా అని వీపు మీద ఒక్కటి వేద్దామనుకున్నాను. మావయ్య కుంచె కింద పెట్టేశాడు. వాడి వైపు తిరిగి, అప్పుడు తాకాడు, రంగు అంటిన రెండు చేతులతోనూ వాడి మొహం పట్టుకుని. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"ఇరవై రెండేళ్ళు గీశాను నాయనా. బాగుందో లేదో ఒక్కళ్ళూ చెప్పలా. ఇంకా చెప్పు. ఇంకేం తప్పులున్నయ్యో అన్నీ చెప్పు."

అంతోని మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. కుడిచెవి కొంచెం పైకి ఉందన్నాడు. గడ్డం ఇంత గుండ్రం కాదన్నాడు. కనుబొమల మధ్య ఎడం ఎక్కువైందన్నాడు. ఒక్కోటీ చెబుతుంటే మావయ్య ఏది, ఏది అని దగ్గరికొచ్చి వాడి మొహం చూసి, వెళ్ళి దిద్ది, మళ్ళీ ఏది అని వచ్చేవాడు. నిజానికి ఆ ముక్కు తప్ప బొమ్మలో వంక పెట్టడానికేమీ లేదు, చెవులు రెండూ సరిగ్గానే ఉన్నాయి. కానీ మా తమ్ముడు కథలు రాసేవాడు కదా, ఆ సాయంత్రం వెలుతురు పోయేదాకా ఆయన కోసం లేని తప్పులన్నీ కల్పించి చెబుతూనే ఉన్నాడు.